రెండో బిళ్ళ

ఆ ఉదయం బూట్లు వేసుకోవడానికి అఫ్జల్‌కి చాలాసేపు పట్టింది. గుమ్మం పక్కన నేలమీద కూర్చుని, నుదురు గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని లేసులు కట్టుకున్నాడు. వంటింట్లోంచి కుల్సుం చూసింది. నిద్ర చాల్లేదేమో అనుకుంది. అడిగే ఓపిక లేక ఊరుకుంది.

“టీ చల్లారిపోతోంది బేటా.”

“వద్దమ్మీ. ఏడున్నరకల్లా గేటు దగ్గరుండాలి.”

హెల్మెట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇబ్రహీంపట్నంలో ఆ వీధిలో సగం ఇళ్ళకు అన్నం పెట్టేది థర్మల్ ప్లాంటే. అఫ్జల్‌ది అక్కడ కాంట్రాక్టు పని. అరవై మీటర్ల ఎత్తున పరంజా మీద నిలబడి బోల్టులు బిగిస్తాడు. అంత ఎత్తు ఎక్కడానికి డాక్టరు పరీక్ష చేసి ఇచ్చే కార్డు ఒకటుంటుంది. హైట్ పాస్ అంటారు. అది మెడలో లేనివాడు నిచ్చెన మీద కాలు పెట్టకూడదు.

కుల్సుంకి మాత్రం పీట ఎక్కాలన్నా భయమే. ఏడేళ్ళుగా ఆమెను పట్టిన జబ్బు పేరు వెస్టిబ్యులర్ మైగ్రేన్. ఆ పేరుకి ఆమె నోరు తిరగదు. కళ్ళు మాత్రం తిరుగుతాయి. అది వచ్చిందంటే ఇల్లు గిర్రున తిరిగి, మంచం పడవలా ఊగి, పేగులు నోట్లోకొస్తాయి. భర్త ఇస్సాక్ పైత్యమన్నాడు. ఆడపడుచు నుస్రత్ దిష్టి అంది. “ఈ వయసులో నెల తప్పావా ఏంటి?” అని పక్కింటావిడ నవ్వింది. కుల్సుమే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పెరటి గుమ్మం పట్టుకుని, దూరంగా కనిపించే ప్లాంటు పొగగొట్టాన్ని రెప్ప వెయ్యకుండా చూడటం. అన్నింటికంటే ముందు అదే కుదురుగా నిలబడేది.

నెల కిందట విజయవాడలో ఒక ఆసుపత్రివాళ్ళు ఆమెను మందు పరీక్షలో చేర్చుకున్నారు. తలనొప్పి మైగ్రేన్‌కి వాడే మందు ఈ కళ్ళు తిరగడాన్ని కూడా ఆపుతుందా అని చూస్తారట. డబ్బాలో మూడు బిళ్ళలు, ఒక పుస్తకం ఇచ్చారు. కళ్ళు తిరగడం మొదలవగానే ఒక బిళ్ళ వేసుకోవాలి, గంట తర్వాత ఎలా ఉందో రాయాలి.

పోయిన శుక్రవారం మొదటి బిళ్ళ వేసుకుంది. గంటలో ఇల్లు ఆగింది. ఆ సంబరం పట్టలేక వీధంతా చెప్పొచ్చింది. అన్నాల దగ్గర కొడుక్కి ఐదుసార్లు చెప్పింది. “గంటంటే గంటే బేటా! స్విచ్చి ఆపేసినట్టు!”

తొమ్మిదింబావుకి ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి శాలిని. ప్రతి సోమవారం లెక్క అడుగుతుంది.

“మీ దగ్గర ఎన్ని బిళ్ళలున్నాయండీ?”

“రెండమ్మా.” కుల్సుం అలమర తెరిచి డబ్బా మూత తీసింది. ఒక్కటే ఉంది. “కాసేపాగి చేస్తానమ్మా” అని ఫోన్ పెట్టేసింది.

పెరట్లో కోడలు తబస్సుం బట్టలు పిండుతోంది.

“నా బిళ్ళ ఏదే?”

“ఏ బిళ్ళ అత్తమ్మా?”

“ఏం తెలీనట్టు అడక్కు. పోయినేడు నా మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు మైలవరం ఎత్తుకెళ్ళి మీ అమ్మకి పెట్టలేదూ? ఇప్పుడు ఇదీ పంపావా?”

తబస్సుం చేతిలో చొక్కా బకెట్లోకి జారింది. “అవి మీరే ఇమ్మన్నారు. ‘నాకు పనిచేశాయి, మీ అమ్మనీ వేసుకోమను’ అని మీ నోటితోనే అన్నారు.”

“అప్పుడన్నాను. ఇప్పుడన్లేదుగా! అడక్కుండా తీస్తే దాన్ని దొంగతనమే అంటారు.”

తబస్సుం కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ గొంతు మాత్రం తగ్గలేదు. “దొంగనయితే దొంగనే. ఆ శాలినిగారికే చెప్పండి, వింటాను.” అత్త చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే కలిపి, స్పీకరు పెట్టింది.

జరిగింది విని శాలిని తిట్టలేదు. కంగారుపడింది.

“ఎవరు తీశారన్నది తర్వాతమ్మా. వేసుకున్నవాళ్ళు ఇవాళ బండి నడపొద్దు, ఎత్తులు ఎక్కొద్దు. అది మందైతే మగతొస్తుంది. మందు కాకపోతే అసలేమీ చెయ్యదు.”

“మందు కాకపోవడమేంటమ్మా?”

“మొదటిరోజే చెప్పాం కదండీ. కొంతమందికి మందు, కొంతమందికి వట్టి బిళ్ళ. ఎవరికేది ఇచ్చామో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. మీకు తగ్గింది దానంతటదే తగ్గిందేమో కూడా చెప్పలేం. ఇంకోటమ్మా, మీ ఇంట్లో కళ్ళు తిరిగేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఇది తల్లినుంచి పిల్లలకి రావచ్చు.”

కుల్సుం చూపు గుమ్మం వైపు మళ్ళింది. నేలమీద కూర్చుని, నుదురు గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని... అలా బూట్లు తొడుక్కునే మనిషిని ఆమె ఎరుగును. ఏడేళ్ళుగా తను చెప్పులు అలాగే తొడుక్కుంటోంది.

“తబస్సుం, బండి తియ్యి.”

అఫ్జల్ ఫోన్ పలకలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. స్కూటీ మొదటి మలుపు తిరిగేసరికే కుల్సుంకి రోడ్డు ఒక పక్కకి ఒరిగింది. అలవాటుకొద్దీ పొగగొట్టం వైపు చూడబోయి, చూడలేక, ముఖం కోడలి వీపులో దాచుకుంది.

“గట్టిగా పట్టుకోండి అత్తమ్మా” అంది తబస్సుం, ముక్కు ఎగబీలుస్తూ. “దొంగనే అయినా కింద పడెయ్యన్లెండి.”

గేటు దగ్గర కాపలా ఉండే యేసుకుమార్ నవ్వుతూ లేచాడు. “ఏమ్మా, క్యారేజీ మర్చిపోయాడా? ఇటివ్వండి, పంపిస్తాను.”

“క్యారేజీ కాదయ్యా! వాణ్ణి దింపండి. ముందు దింపండి!”

ఆమె ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది. వాకీటాకీలో పేరు చెప్పాడు. అవతల గరగరమంటూ ఏదో జవాబొచ్చింది.

“పైన లేడంటండీ” అన్నాడు మెల్లగా. “ఎనిమిదింటికి సంతకం పెట్టాడంట. ఎక్కడం మాత్రం ఎవరూ చూళ్ళేదంట.”

కుల్సుం గేటు దాటి లోపలికి వెళ్ళబోయింది. తబస్సుం ఆమెను నడుం దగ్గర పట్టుకుంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. చూసుకుంటే మనసులో మాట బయటికొస్తుందని భయం. వాకీటాకీ గరగరలాడుతూనే ఉంది. ఐదు నిమిషాలు. పది.

చివరికి ఒక ఫోర్‌మాన్ భుజం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అఫ్జల్ వచ్చాడు. సామాన్ల షెడ్డు వెనక కూర్చుని కనిపించాడట, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని.

కుల్సుం కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి వాడి చెంప మీదే ఆగిపోయింది. “ఎన్నాళ్ళనుంచి?”

“ఏడు నెలలు.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“చెబితే కార్డు పోద్ది. కార్డు పోతే నేనేం చెయ్యను అమ్మీ? నాకు వచ్చిందల్లా పైకెక్కడమే.” మెడలోని కార్డుని గుప్పిట పట్టుకున్నాడు. “గంటలో తగ్గుతుందన్నావుగా. తగ్గాక ఎక్కుదామని కూర్చున్నా. రెండు గంటలైంది, ఇంకా తిరుగుతానే ఉంది.”

“నాకన్నా చెప్పొచ్చుగా” అంది తబస్సుం. “మీరు మింగిన బిళ్ళకి నన్ను దొంగని చేశారు.”

అఫ్జల్ తలదించుకున్నాడు. కుల్సుం కోడలి వైపు తిరిగింది. చాలా మాటలు అనుకుంది. చివరికి కొంగు తీసి ఆ పిల్ల చెంపలు తుడిచింది.

“నా నోరు మంచిది కాదమ్మా. కళ్ళు తిరిగితే నాకు మనుషులు కూడా తలకిందులుగానే కనబడతారు.”

“మీకు తిరగనప్పుడు కూడా అంతేలెండి” అంది తబస్సుం. ఏడుపులోంచే చిన్న నవ్వొచ్చింది.

కుల్సుం కొడుకు ముందు చెయ్యి చాపింది. అఫ్జల్ చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత మెడలోంచి కార్డు తీసి అందులో పెట్టాడు. ఆమె దాన్ని ఫోర్‌మాన్‌కి ఇచ్చింది.

“డాక్టరు సరేననేదాకా మీ దగ్గరుంచండి బాబూ. కింద ఏ పనున్నా చేస్తాడు.”

ఫోర్‌మాన్ తల గీరుకున్నాడు. “రేపొచ్చి స్టోర్‌లో కనపడరా. అడిగి చూస్తా” అన్నాడు.

కుల్సుం రోడ్డు మీదికెళ్ళి ఆటో ఆపింది. ముగ్గురూ ఆసుపత్రికి బయల్దేరారు. తబస్సుం బండి గేటు దగ్గరే ఉండిపోయింది. ఆటోలో కుల్సుం సంచీలోంచి పుస్తకం తీసి, యేసుకుమార్ ఇచ్చిన పెన్నుతో రెండో గడి నింపడం మొదలుపెట్టింది. ఆటో కుదుపులకి అక్షరాలు వంకరపోయాయి.

వేసుకున్నది: నా కొడుకు అఫ్జల్. గంట తర్వాత: తగ్గలేదు.

“అది రాస్తే పరీక్షలోంచి నిన్ను తీసేస్తారేమో అమ్మీ” అన్నాడు అఫ్జల్.

“తీసెయ్యనీ.”

“పైగా అది వట్టి బిళ్ళేనేమో.”

“వట్టిదైతే ఏంరా? నిన్ను రెండు గంటలు నేలమీద కూర్చోబెట్టింది.”

అఫ్జల్ తల మెల్లగా తల్లి భుజం మీద వాలింది. రెండోవైపు నుంచి తబస్సుం ఆమె మోచెయ్యి పట్టుకుంది. కుల్సుం మళ్ళీ పెన్ను తీసి, ఆ గడిలో మిగిలిన చోట ఇంకొక్క మాట రాసింది.

ఎక్కలేదు.