తుడిచిన ఆకు

ఎండ పొడ తగిలి మంచు ఆరేదాకా ఆగి, కొండమ్మ పెరట్లో మల్బరీ ఆకు కోసింది. అయినా నమ్మకం లేక ఒక్కో ఆకునూ కొంగుతో తుడిచి రెండు తాబేళ్ల ముందు పెట్టింది. చిన్నది మెడ చాచి వాసన చూసి, మళ్లీ చిప్పలోకి ముడుచుకుంది. కొండమ్మ గొంతుకూర్చుని వాటినే చూసింది. ఇరవై ఏళ్లు పట్టుపురుగులను సాకిన మనిషి ఆమె. పురుగైతే ఆకు వేసిన కాసేపటికే తట్ట ఖాళీ చేస్తుంది. ఈ జీవాలకు ఏం కావాలో అంతుచిక్కడం లేదు.

అవి కోడలు అర్చన వాళ్ల నాయనవి. ఆయన పోయి మూడు నెలలు. నంద్యాలలో పుట్టింటికి తాళం వేసి, పోయిన ఆదివారమే వాటిని ఆళ్లగడ్డకు తెచ్చుకుంది. అర్చన టీచరు. తొలి బస్సుకు నంద్యాల బడికి పోయి పొద్దుగూకాక వస్తుంది. మేత బాధ్యత అత్తది.

శనివారం సాయంత్రం అర్చన పెద్దదాన్ని ఎత్తి చూసింది. కళ్లు లోపలికి పోయాయి. ఉయ్యాలవాడలో ఎవరో సాకుతారట, ఇచ్చేద్దామన్నాడు భర్త హరీష్. అర్చన అత్త వైపు తిరిగింది.

"తాబేలు ఇంట్లోకొస్తే మంచిది కాదని నీకూ ఉంది కదత్తా. చెప్పుంటే నేనే యాడికైనా తీసకపోయేదాన్ని. ఇట్లా కడుపు మాడ్చి చంపుతాండావా?"

ఆ మాట వీధిలో వాళ్లన్నదే. కొండమ్మ ఒక్కసారీ అనలేదు. కంచంలో అన్నం అట్లే వదిలి లేచింది.

మరునాడు బడి లేదు. అత్త ఆకు తుడవడం అర్చన మొదటిసారి చూసింది.

"ఎందుకత్తా తుడుస్తాండావ్?"

"తడాకు తింటే రోగమొచ్చి చస్తాయి గదమ్మా."

"ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేంది. ఒకేడు వానకు తడిసిన ఆకేస్తే తట్టలకు తట్టలు పోయినాయి. పురుగు నీళ్లు తాగదు. వీటిని గూడా చుక్క తగలనీకుండా చూసుకుంటాండా."

అర్చనకు నంద్యాల ఇల్లు గుర్తొచ్చింది. నాయన పొద్దున్నే పళ్లెంలో నీళ్లు పోసి, ఆకు ముంచి పెట్టేవాడు. అది అందరికీ తెలిసిందే అనుకుని తాను చెప్పనేలేదు.

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, ఆకులు ముంచి తెచ్చింది. పెద్దది మెల్లగా వచ్చి మూతి ముంచింది. దాని గొంతు చాలాసేపు కదులుతూనే ఉంది. చిన్నది ఏకంగా పళ్లెంలోకి ఎక్కింది. తర్వాత తడి ఆకును అంచున పట్టి కత్తిరించినట్టు కొరికింది. కొండమ్మ రెప్ప వేయకుండా చూసింది.

"పురుగులు గావని కండ్లకు తెలుసు. చేతులకే తెలీల్యా," అంది.

అర్చన ఆ చేతులు పట్టుకుంది. నిన్న తన మాటకు కంచంలో అన్నం వదిలేసిన చేతులవి. కొండమ్మ కొంచెం జరిగి పక్కన చోటు చూపింది. చూపు ఇంకా తాబేళ్ల మీదే ఉంది.

"మీ నాయన మేత పెడ్తా వీటితో ఏం మాట్లాడేటోడు?"

ఆయన పోయాక ఈ ఇంట్లో ఆయన గురించి ఎవరూ అడగలేదు. అర్చనకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత మాటలొచ్చాయి. లోపలి నుంచి హరీష్ టిఫినుకు రెండుసార్లు పిలిచాడు. ఇద్దరూ లేవలేదు.