ఎడమచేతి ఉంగరం

"నా ముక్కు ఇంత ఉందా?"

బొమ్మల క్లాసులో మొదటిరోజే షహీరా అడిగిన మాట అది. కొత్తవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరి బొమ్మ ఒకర్ని గియ్యమన్నారు మాస్టారు, ఉస్తాద్ లబీబ్. ఆమెని గీసిన హాతిం చెవులు ఎర్రబడ్డాయి.

"ముక్కు సరే, నా చేతులేవి?"

"సంచీ వెనకున్నాయండీ."

"నేను సంచీయే తేలేదు!"

క్లాసంతా గొల్లుమంది.

పాపం, హాతిం చేతి గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత స్క్రూ కూడా అతని వేళ్ళకి లొంగుతుంది. కానీ కాగితం మీద చెయ్యి గీస్తే క్యారెట్ల కట్టలా వచ్చేది. అందుకే ఎవర్ని గీసినా చేతులు జేబుల్లోనో, శాలువా కిందో దాచేసేవాడు.

"దాచేవాడికి బొమ్మ రాదు నాయనా," అన్నారు ఉస్తాద్. "రోజుకి పది చేతులు గియ్యి. రబ్బరు మాత్రం ముట్టుకోకు."

అలెగ్జాండ్రియాలో చలికాలం వానలు మొదలయ్యాయి. క్లాసు నుంచి ట్రామ్ దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు. మూడు నెలల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వేడివేడి చిలగడదుంప చెరిసగం తింటూ ఆమె అతని బొమ్మల్ని వెక్కిరించేది. అతను మురిసిపోయేవాడు. ఆమె అంటే ప్రాణం. అయితే ఆ మాట నోరు దాటితేనా!

ఒక సోమవారం షహీరా పెన్సిలు చెక్కుతూ తలెత్తకుండా అంది.

"గురువారం మా ఇంటికి పెళ్ళిచూపులకి వస్తారట. ఎవరో డాక్టరు. రమ్మనాలో వద్దో రేపు పొద్దున్నే చెప్పమన్నాడు నాన్న."

"మంచిది," అన్నాడు హాతిం.

మంచిదట! ఎవరైనా అంటారా ఆ మాట? షహీరా ముఖం చిన్నబోయింది.

హాతిం తన నోటిని తానే తిట్టుకుని కాగితం ముందుకి లాక్కున్నాడు. క్లాసయ్యేదాకా తలెత్తి ఆమెని చూడటం, వంచి గీయటం, అంతే. ఆఖర్న కాగితం ఆమె వైపు జరిపాడు.

ముక్కు కుదిరింది. ఒళ్ళో చేతులు, నిజమైన చేతులు. ఒక వేలికి ఉంగరం.

షహీరా ఆ ఉంగరం మీద వేలు పెట్టింది.

"ఎడమచేతికి పెట్టావేం?"

హాతిం బొమ్మ కేసి, తన ఎడమచేతి కేసి చూసుకున్నాడు.

"నిశ్చితార్థం ఉంగరం కుడిచేతికి కదయ్యా! ఎడమకి మారేది పెళ్ళప్పుడు. అడగనైనా అడక్కుండా పెళ్ళే చేసేశావా?"

"నేను కుడిచేత్తో గీస్తానుగా! చూసి నేర్చుకోడానికి నా ఎడమచెయ్యొక్కటే ఖాళీ. మూడు నెలలూ దాన్నే గీశాను. ఉంగరం పెట్టేంత బాగా వచ్చింది అదొక్కటే, షహీరా."

ఆమె పకపకా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. తన కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టింది.

"ఇదిగో, చూసి గియ్యి. డాక్టర్ని వద్దని చెప్పిస్తాను. గురువారం మీ అమ్మని తీసుకుని నువ్వే రా. మిఠాయి పెట్టె మర్చిపోకు, మా నాన్నకి పిస్తాది ఇష్టం."

హాతిం పెన్సిలు అందుకున్నాడు.

"కదలకు," అన్నాడు.

"నేను కాదు, నీ పెన్సిలే కదులుతోంది."

అతను నవ్వేశాడు. కుడిచేతి వేలికి మెల్లగా ఉంగరం గీశాడు. తర్వాత రబ్బరు కోసం చూస్తూ అడిగాడు.

"మరి ఆ ఎడమచేతి ఉంగరం చెరిపేయనా?"

"ముట్టుకున్నావో చూడు!" షహీరా కాగితాన్ని గుండెకి హత్తుకుంది. "అది కూడా కావాలి. కొన్నాళ్ళు ఆగి."