లాభం, రెండు, మూడు, నాలుగు

బీదర్లో బ్యాండ్ అంటే బరాత్ బ్యాండే. మా తమ్ముడు బ్యాండ్ పెట్టాడని ఎవరికి చెప్పినా ముందు అడిగేది పెళ్లెప్పుడని. ఇవి సినిమా పాటలు కావు, వెనక ఏ కంపెనీ లేదు, సొంతంగా రాసుకుని గిటార్ మీద సొంతంగా పాడుకునే ఇండీ రాక్ అని వివరించేసరికి నా నోరు నొప్పి పుట్టేది. అవతలివాళ్ల కళ్లలో మాత్రం గుర్రమూ లైట్లూ కనపడుతుండేవి.

అందుకే వివరించడం మానేసి 'కొత్త చెవులు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. పగలంతా ధాన్యం మార్కెట్ గంజ్‌లో నాన్నతో పాటు మా పప్పుల హోల్‌సేల్ దుకాణంలో కూర్చుంటాను. గిరాకీ లేనప్పుడు ఎక్కడెక్కడి బ్యాండ్లనో వెతుకుతాను. షిల్లాంగ్‌లో ఎవరో నలుగురు కారు షెడ్డులో పాడుకున్న పాట నచ్చితే గ్రూపులో పెడతాను. గ్రూపుకు ఒకటే రూలు: విన్న పాటను ఇంకొకరికి పంపాల్సిందే. పంపనివాళ్లను తీసేసేదాన్ని. ఆ రూలంటే నాకు మహా గర్వం.

చరణ్ పాడతాడు. అమ్మ పోయినప్పుడు వాడు రెండో తరగతి. జడలు వేసుకునే వయసులో నేను వాడికి అన్నం తినిపించాను. వాడు ఒక్క ఊపిరితో ఎంతసేపు లాగి పాడగలడో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వాడి మొదటి షో ఎక్కడ పెట్టాలా అని వెతికీ వెతికీ, చివరికి గంజ్ వెనక గల్లీలో ఉన్న మా పాత గోదాం తాళంచెవి నాన్న దగ్గర గుంజుకున్నాను.

"పైకప్పు మంచిగ లేదు బిడ్డా," అన్నాడు నాన్న. తాత కాలం నుంచీ అదే మాట. చూస్తే పైకప్పు రాయిలా ఉంది.

ఆదివారం. గంజ్ మూసి ఉంది. సాయంత్రం వాన వెలిసింది. జనం పాతికమంది దాకా వచ్చారు, కాలేజీ పిల్లలే ఎక్కువ. గోనెసంచులు పరిచి కూర్చోబెట్టాం. భాల్కి నుంచి దీపాలి మాత్రం రాలేదు. గ్రూపులో అందరికన్నా చిన్నది, వాళ్ల నాన్న ఉద్యోగం బదిలీ అయి జహీరాబాద్ నుంచి భాల్కికి వచ్చారు. బస్సు తప్పిపోయిందని నన్ను తిడుతూ పొద్దుపోయేదాకా మెసేజీలు పెట్టింది.

డ్రమ్స్ కొట్టే దినేశ్‌కు గోదాం మూలన ఇనుప కుంచం ఒకటి దొరికింది. పూర్వం ధాన్యం కొలిచినది. కర్రతో కొడితే ఖంగుమంది.

"రష్మక్కా, గిది సూడు! ఏ డ్రమ్ముకు లేదు గీ సౌండు." దాన్ని మూతి పైకి ఉండేట్టు తన ముందు పెట్టుకున్నాడు.

చరణ్‌కు అప్పుడే తట్టినట్టుంది. మా ఇళ్లల్లో కొలిచేటప్పుడు 'ఒకటి' అనరు. మొదటి కుంచానికి 'లాభం' అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. పాట ఎత్తుకునే ముందు బ్యాండ్ వాళ్లు వన్ టూ త్రీ ఫోర్ అంటారు కదా, వాడు మైకు ముందు నిలబడి తాతలాగా గొంతు పెట్టాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు!"

జనం ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. గిటార్ మోగింది, కుంచం ఖంగుమంది.

"ఐదు."

జనం వెనక నుంచి వచ్చింది. మగ గొంతు. తాళానికి సరిగ్గా, తొందర లేకుండా. ఎవరో ఆకతాయి అనుకున్నాను. పాట నడుస్తూనే ఉంది, "ఆరు" అని మళ్లీ వినపడింది. ఈ ఐడియా ఎవరిదో గానీ అదిరిపోయింది అనుకుని, అప్పటిదాకా ఫోనులో రికార్డు చేసింది అక్కడికక్కడే దీపాలికి పంపాను. పాపం రాలేకపోయిందని.

అప్పుడు కరెంటు పోయింది. స్పీకరు బ్యాటరీది కాబట్టి ఆగలేదు. తలుపు సందులోంచి వచ్చే కాస్త వెలుతురే మిగిలింది. ఎక్కడినుంచో కొత్త గోనెసంచి వాసన, దానితో పాటు కందుల దుమ్ము వాసన. గొంతులో గుచ్చుకునేంత ఘాటు. ఈ గోదాంలో కందులు పెట్టి నా వయసంత కాలం దాటింది.

"పదకొండు."

ఫోను లైటు జనం వెనక్కి తిప్పాను. వెనక ఎవరూ లేరు. గోడ ఉంది.

"పన్నెండు."

చరణ్ పాట తెగింది. మైకులో వాడి ఊపిరి వినపడుతోంది... పొట్టిగా... ఇంకా పొట్టిగా. రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. పరుగున వెళ్లి పట్టుకున్నాను.

"ఏమైందిరా?"

"బరువక్కా," అన్నాడు గుసగుసగా. "మీద... బరువున్నది..."

దగ్గాడు. నా అరచేతిలో ఏదో పడింది. కందిగింజ.

దినేశ్ ఎప్పుడో చేతులు ఆపేశాడు. కుంచం మాత్రం సన్నగా మోగుతూనే ఉంది. పిల్లలు తలుపు వైపు తోసుకుంటున్నారు. ఒక్కో అంకెకు చరణ్ ఊపిరి కొంచెం కొంచెం తగ్గిపోతోంది. నాయనమ్మకు ఫోన్ చేశాను. ఎందుకో తెలియదు, డాక్టర్ కన్నా ముందు ఆమే గుర్తొచ్చింది.

సుందరాబాయి మా నాయనమ్మ. ఫోనులో ఆ లెక్క ఆమెకూ వినపడింది.

"గోదాంల ఉన్నరా? లెక్క ఎవరు మొదలువెట్టిన్రే?"

"చరణ్... పాటకోసం. నాలుగు దాకా."

"నాలుగుకాడ ఇడిసిపెట్టిండా!" నాయనమ్మ గొంతు పగిలింది. "నవనాథ్ అని మీ తాతకాడ కొలిచేటోడు ఉండె బిడ్డా. కొలుస్తుంటెనే బస్తాలు మీద కూలినయి. నేను బతికే ఉన్న, గిటుదిక్కు తియ్యిండ్రి అన్నట్టు బస్తాల కిందనుంచే లెక్క వెట్టుకుంటనే ఉండె. మనోళ్లు తీస్తనే ఉన్నరు. తియ్యంగ తియ్యంగ లెక్క ఆగిపాయె."

"పంతొమ్మిది," అంది చీకటి.

"ఏం చెయ్యాలె? జల్ది చెప్పు నాయనమ్మా!"

"కొలత అయిపోతే కుంచం బోర్లియ్యాలె. ఆ దినం ఎవ్వరు బోర్లియ్యలే. ఉరుకు!"

కుంచాన్ని పట్టుకున్నాను. కదల్లేదు. ఖాళీ కుంచం, నిండుగా ఉన్నంత బరువు. ఇరవై... చరణ్ కళ్లు తేలిపోతున్నాయి. అమ్మా అని అరుస్తూ భుజం ఆనించి తోశాను. ఇరవై ఒకటి... కుంచం మూతి నేలకు కొట్టుకుంది. ఖంగుమనలేదు. ధప్‌మంది.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చరణ్ పెద్దగా ఊపిరి లాగాడు. నా ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

డాక్టర్ చూసి వాడికి దుమ్ము పడలేదన్నాడు. నాన్న గోదాంకు తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఎవరికీ చెప్పలేదు. నా ఫోనులో ఉన్న రికార్డింగు తీసిపారేశాను. మర్నాడు మధ్యాహ్నం దాకా చరణ్ పక్కన కూర్చుని వాడి ఛాతీ లేవడం, దిగడం చూస్తూనే ఉన్నాను. అంతా మంచిగా ఉంది. వాడు నిద్రపోయాక హాల్లోకి వచ్చి చాయ్ పెట్టుకున్నాను. దినేశ్ కూడా వాణ్ణి చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు దీపాలి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"పాట మస్తుందక్కా. పొద్దటిసంది వింటనే ఉన్న. కానీ ముందు ఐదు, ఆరు అంటున్నడు కదా, ఇప్పుడు వింటే ఇరవై రెండుకెళ్లి మొదలైతున్నది. నా ఫోనే కరాబైందా?" మధ్యలో దగ్గింది. "రూలు కదా అని మా క్లాసోళ్లందరికీ పంపిన. అక్కా, జర ఛాతీ బరువుగున్నది. పండుకుంట."

ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. హలో అనలేదు. గోనె గోనెకు రాసుకుంటున్న చప్పుడు.

"దీపాలీ?"

"లాభం," అంది. దీపాలి గొంతే. ఎక్కడో లోతు నుంచి, బలమంతా కూడదీసుకుని. "రెండు..."

నాకు అర్థమైంది. నవనాథ్ ఎందుకు లెక్కపెట్టాడో దీపాలీ అందుకే పెడుతోంది, బతికే ఉన్నానని. దినేశ్ బండి తాళంచెవి తీసుకుని బయటికి ఉరికాడు. భాల్కి ఇక్కడా? వాళ్లది మేడ మీద అద్దెగది, అందులో ఒక్క బస్తా కూడా లేదు. ఎటువైపు తియ్యమని చెప్పాలి నేను? ఎవరికి చెప్పాలి?

"మూడు... నాలుగు..."

"చెప్తనే ఉండు తల్లీ, ఆపకు. నేనున్న, ఫోన్ పెట్టెయ్యను."

"ఐదు."

ఫోను చెవికి అదుముకున్నాను.

"ఆరు..."

ఆ తర్వాత ఏమీ రాలేదు. గోనె చప్పుడు కూడా ఆగిపోయింది.

"దీపాలీ... ఇంకొక్కటి చెప్పు బిడ్డా. ఒక్కటి..."

పక్కగదిలో, గాఢనిద్రలో ఉన్న చరణ్ మెల్లగా అన్నాడు.

"ఏడు."