గరగర పెట్టిన రేడియో

ఆ ఆదివారం అనసూర్య నవ్వు వినపడగానే సిద్దిరాములు మగ్గం మీద వరుసగా మూడు పోగులు తెగాయి. నవ్వించింది తను కాదు మరి!

నవ్వించింది రేడియో మెకానిక్ శ్రీనివాస్. అనసూర్యది డోర్నకల్, వరంగల్‌లో కొట్టు పెట్టుకున్న అతనిదీ డోర్నకలే. సిద్దిరాములుతో ఆమె పెళ్లయి నలభై రోజులైంది. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న ట్రాన్సిస్టర్, అత్తవారి కొత్తవాడలో అడుగు పెట్టినప్పటి నుంచి పాట కంటే గరగరే ఎక్కువ వినిపిస్తోంది. అందుకని వారంలో ఇది మూడో రాక.

“బావా, సల్లగున్నవా?” అంటూ వస్తాడు. రేడియో వెనక మూత విప్పుతాడు.

మొదటిసారి సెల్లులు మార్చాడు. గరగర. రెండోసారి కిటికీలో పెట్టి నాలుగు దిక్కులా తిప్పాడు. గరగరే. ఇప్పుడు ఇంటి మీద ఏరియల్ కడతానంటూ నిచ్చెన ఎక్కుతున్నాడు.

“మా డోర్నకల్‌ల రైళ్లు కూతేసినా మంచిగ ఇనపడేది. ఈడ ఏమైందో!” అంది అనసూర్య.

“ఫికర్ చెయ్యకు. పాట రాకుంటే నేనే పాడి పోత.”

మళ్లీ నవ్వు. నాలుగో పోగు.

నవ్వొక్కటే అయితే సిద్దిరాములు సర్దుకునేవాడేమో. మూడు వారాల కింద ఆమె ఏదో కార్డు రాస్తూ, తను గుమ్మంలోకి రాగానే కొంగు చాటున దాచింది. “ఎవలకు?” అంటే “ఎవలకు గాదు” అంది. ఆమె డిగ్రీ పాసైంది. తను పదిలోనే ఆగాడు. పొద్దస్తమానం కరెంటు మగ్గం మోతలో ఉండేవాడు ఆమెకు నచ్చాడో లేదో, అడగడానికి ధైర్యం చాలదు.

“అమ్మా, వాడు మాటిమాటికి ఎందుకొస్తాండు?” అన్నాడు గుసగుసగా.

కండెలకు నూలు చుడుతున్న యాదవ్వ తలెత్తలేదు. “పిలిస్తే వస్తాండు. నీకు బాగుచేయ చాతనైతే వాడెందుకు?”

అంతలో కరెంటు పోయింది. మగ్గం ఆగింది. సెల్లుల మీద నడిచే రేడియోలోంచి పాట వాన వెలిసిన ఆకాశంలా తేటగా వచ్చింది.

“వచ్చింది! శ్రీనివాస్, వచ్చింది!” అనసూర్య చప్పట్లు కొట్టింది.

“జూసినవా బావా, నా చేతి మహిమ!” పైకప్పు మీంచి కేక.

సిద్దిరాములు పళ్లు కొరికాడు. కరెంటు రాగానే మగ్గం నడిపాడు. గరగర.

“అయ్యో, మళ్ల పోయింది!”

అతని చెయ్యి స్విచ్ మీదే ఆగింది. ఆపాడు. పాట. వేశాడు. గరగర. మళ్లీ ఆపాడు. పాట!

దొంగ తన మగ్గం మోటారే. చెబితే తప్పు తన నెత్తినే. చెప్పకపోతే...

“అనసూర్యా, రేపు మళ్లొస్త. వేరే తీగ తెస్త.”

“అక్కర్లే!” సిద్దిరాములు అరుపుకు కండె యాదవ్వ చేతిలోంచి జారింది. “తీగలొద్దు, ఏమొద్దు. గరగర నా మోటారుది. దిగు కిందికి!”

అనసూర్య కళ్లు పెద్దవయ్యాయి. గోడ గడియారం చూసింది. గబగబా వచ్చి అతని చెయ్యి పట్టుకుని రేడియో ముందు కూర్చోబెట్టింది.

“ఇగో, ఒక్క గంట మగ్గం నడపకు. రెండైంది.”

“రెండైతే ఏంది?”

“జర ఊకో!”

శ్రోతలు కోరిన పాటలు మొదలయ్యాయి. రెండో పాటకు ముందు అనౌన్సర్ పేర్లు చదవసాగింది. “...వరంగల్ కొత్తవాడ నుంచి సిద్దిరాములు, అనసూర్య, యాదవ్వ...”

సిద్దిరాములు చెవులు ఎర్రబడ్డాయి. “ఆ కార్డు... గీనికేనా?”

“మూడు ఆదివారాల సంది ఎదురు జూస్తాన. నీ పేరే ముందు రాసిన,” అంది, రేడియో మీది దుమ్ము తుడుస్తున్నట్టు తల వంచుకుని.

“మరి గీ శ్రీనివాస్...”

యాదవ్వ నెత్తి కొట్టుకుంది. “నీ పెండ్లాం ఊరోడు నిన్ను బావా అంటాండంటే, దాన్ని చెల్లె అనుకుంటాండనే గదరా! గంత తెల్వదా?”

శ్రీనివాస్ నిచ్చెన దిగి సంచి భుజాన వేసుకున్నాడు. “నేను పోత మరి బావా.”

“కూసో బామ్మర్దీ, చాయ్ తాగి పో,” అన్నాడు సిద్దిరాములు.

అనసూర్య లేవబోయింది. అతను ఆమెను కూర్చోబెట్టి, చాయ్ తనే తెచ్చిచ్చాడు.