ఆ మంగళవారం స్లిట్

"ఎలక్ట్రాన్ల లెక్క మళ్ళీ ఎక్కువే వచ్చింది!" నెవెన కాగితాలు బల్ల మీద విసిరింది. "మూడు వారాలుగా ఇదే గోల. నా బుర్రలోనే ఏదో తేడా ఉంది, గావ్రిలో!"

గావ్రిలో అంటే నేనే.

బెల్‌గ్రేడ్‌లో మా ల్యాబ్ పని ఒక్కటే. హైడ్రోజన్ ప్లాస్మా వెలుగును చూసి, అందులో ఎలక్ట్రాన్లు ఎంత ఒత్తుగా ఉన్నాయో చెప్పాలి. వెలుగులోని నీలిగీత ఎంత వెడల్పుగా ఉంటే ఎలక్ట్రాన్లు అంత ఎక్కువ. స్లిట్ అనే సన్నటి సందులోంచి వెలుగును పరికరంలోకి పంపి కొలిచేది నేను, లెక్క కట్టేది నెవెన. శుక్రవారం సదస్సులో ఆమె మాట్లాడాలి. లెక్క తేలకపోతే పేరు తీసేస్తానని ప్రొఫెసర్ పొద్దున్నే చెప్పేశారు.

"తప్పు నీది కాదు, నాది" అన్నాను.

"చాల్లే, ఓదార్చకు."

"ఒట్టు! మూడు వారాల కిందట, ఆ మంగళవారం, వెలుగు లోపలికొచ్చే స్లిట్ బాగా వెడల్పు చేశాను. అలా చేస్తే గీత కూడా లావెక్కుతుంది. నోట్‌బుక్‌లో రాయడం మర్చిపోయాను. నిన్న గుర్తొచ్చింది. చెబితే నా మొహం చూడవని భయమేసింది."

"నీకసలు మనసుందా? నిన్న కూడా నా ఎదురుగా కూర్చుని బురెక్ తిన్నావు! స్లిట్ ఎందుకంత తెరిచావు?"

కిటికీ మీద వాన దంచేస్తోంది. ఇక దాచి లాభం లేదు.

"ఆ రోజు వెలుగు మసగ్గా ఉంది. గీత కనబడకపోతే అన్నీ వదిలేసి మీ ఊరు చాచక్ వెళ్ళి, మీ నాన్న బేకరీలో కూర్చుంటానన్నావు. నువ్వు వెళ్ళకూడదని, వెలుగు ఎక్కువ రావాలని తెరిచాను. నువ్వంటే నాకు ఇష్టం నెవెనా."

ఆమె కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"సన్నగీతల దీపం పెట్టు. అదే స్లిట్‌తో. పరికరం తనంతట తాను ఎంత లావు చేస్తోందో కొలిచి, లెక్కలోంచి తీసేద్దాం."

సన్నటి గీతలిచ్చే దీపం వెలిగించాను. సాయంత్రానికి అంకెలన్నీ దారికొచ్చాయి. నెవెన నవ్వింది, అంతలోనే ఏడ్చింది కూడా.

"ఇప్పుడైనా రాయి" అంటూ నోట్‌బుక్ తోసింది.

స్లిట్ వెడల్పు రాశాను. కారణం దగ్గర 'వెలుగు తక్కువ' అని పెట్టాను. ఆమె అది కొట్టేసింది.

"సగం రాసి సగం వదిలేసే కదా ఇంత మీదికి తెచ్చావు! ఉన్నది రాయి."

"ప్రొఫెసర్ చదువుతారు తల్లీ!"

"చదవనీ."

చెవులు కాలిపోతుండగా రాశాను: 'కారణం: నెవెన వెళ్ళిపోకుండా.'

ఆమె పెన్ను లాక్కుంది. కింద ఇంకో వరుస చేర్చి, తేదీ వేసి సంతకం పెట్టింది.

'ఫలితం: వెళ్ళలేదు. ఇక వెళ్ళదు.'