మాస్టారి పేరు మీద

"ఈసారి నీ గురి ఓ ముసలాయన మీద," అంటూ చీఫ్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు.

తెర మీద నరాల డాక్టరొకాయన ఫోటో. పక్కనే వందల రీసెర్చ్ పేపర్లు, వేల సైటేషన్లు.

"సైటేషన్లంటే ఏంటి సార్?" అడిగాడు ఏజెంట్ డేగ.

"మిగతా శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఈయన మాటను ఎన్నిసార్లు ఆధారంగా చూపించారో ఆ లెక్క. అది పెరిగేకొద్దీ ఈయన మాటకు తిరుగుండదు. ఓ విదేశీ ముఠా మందుల కంపెనీ ముసుగులో నరాల జబ్బుకని ఇంజెక్షన్ తెచ్చింది. వేయించుకున్నవాళ్లలో కొందరికి కిడ్నీలు పోయాయి. ఈయన పేపర్లేమో అది సేఫ్ అంటున్నాయి. రేపు డ్రగ్ కమిటీ సంతకం పెడితే అన్ని ఆస్పత్రులకూ వచ్చేస్తుంది."

"ఆయన్ని ఎత్తుకొచ్చేయనా?"

"ముందు దొరకాలిగా! ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. నెమలి. ఎటువైపో మాత్రం నాకే నమ్మకం లేదు."

ఆ మధ్యాహ్నమే హోటల్లో డేగ లిఫ్ట్‌మన్ వేషం వేశాడు. హై హీల్స్, నల్ల కళ్లద్దాలతో ఒకామె లోపలికొచ్చింది.

"పైన వాన పడుతోందా?"

"గొడుగు కిందే మర్చిపోయానండీ."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ఊరి చివర నర్సింగ్ హోమ్. చివరి గది. వెళ్లి చూడు, నీకే అర్థమవుతుంది." అంత ధీమాగా వచ్చిన మనిషి గొంతు అక్కడ వణికింది.

డేగ ఫిజియోథెరపిస్టులా ఆ గదిలో అడుగుపెట్టాడు. చొక్కా బొత్తంలో కెమెరా. చక్రాల కుర్చీలో డాక్టర్. పక్షవాతం కుడి పక్కనీ, మాటనీ పట్టుకుపోయింది.

"ఈ పేపర్లు మీరే రాశారా?"

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదాలు విడివడ్డాయి. "ఆ... ఆ..." ఆయన దగ్గర మిగిలిన మాట అదొక్కటే.

మర్నాడు డేగ ఆ కుర్చీని కమిటీ హాల్లోకి తోసుకొచ్చాడు. ముఠా ప్రతినిధి ఏమాత్రం తడబడలేదు. వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"డాక్టరుగారూ, మన ఇంజెక్షన్ మంచిదేనాండీ?"

ముసలాయన మెడ నరాలు ఉబ్బాయి. కాదని అరవాలనుకున్నాడు. "ఆ... ఆ..."

"విన్నారుగా! అవునంటున్నారు."

కెమెరాలో ఉన్నదీ ఆ జవాబే. డేగ చెయ్యి కోటులోని గన్ మీదకి వెళ్లి ఆగిపోయింది. ఎవర్ని కాల్చాలి? అధ్యక్షురాలు పెన్ను తీసి కాగితం మీద ఆనించింది.

"ఆగండి మేడమ్!"

ప్రతినిధి పక్క కుర్చీలోంచి నెమలి లేచింది. "ఆ పేపర్లు రాసింది నేను. ఆయన స్టూడెంట్‌ని. మాస్టారికి మాట పడిపోయాక ఆయన పేరు అమ్ముకున్నాను. ఆయన్ని సైట్ చేసిన పేపర్లు కూడా మా ఆఫీసులో వండినవే."

పెన్ను పైకి లేచింది. ప్రతినిధి తలుపు దాకా కూడా వెళ్లలేకపోయాడు.

గార్డులు తన చేతులు పట్టుకునేలోగా ఆమె కుర్చీ ముందు కూలబడింది. "మాస్టారూ..."

"ఆ... ఆ..." అన్నాడాయన. క్షమించాడో, ఛీకొట్టాడో ఆ హాల్లో ఎవరికీ తెలియలేదు.

జర్నళ్లు దొంగ పేపర్లను వెనక్కి తీసుకున్నాయి. ఆయన సొంతంగా రాసినవాటినీ అందరూ ముట్టుకోవడం మానేశారు. కొన్నాళ్లకు చీఫ్ ఫోన్ చేశాడు.

"మీ ముసలాయన సైటేషన్లు మళ్లీ పెరుగుతున్నాయట. దొంగ పేపర్ల గురించి రాసే ప్రతివాడూ ఆయన్నే ఉదాహరణగా చూపిస్తున్నాడు."

డేగ ఫోన్ పెట్టేయబోయాడు.

"ఒక్కటి మాత్రం నయం," అన్నాడు చీఫ్. "ఈసారివన్నీ అసలైనవేనట."