సగం గిలాస

పొద్దున మొదటి బస్సుకే ఎల్లారెడ్డి నుంచి వచ్చిన దేవవ్వ, కామారెడ్డిలో కూతురి గది ముందు చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. లోపల గంగామణి పగలబడి నవ్వుతోంది. ఇంట్లో ఉన్నప్పుడు అలా నవ్వగా ఆమె ఎన్నడూ వినలేదు.

చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడిన గంగామణికి నిరుడు ఎస్టీడీ బూత్ మంజూరైంది. దుబాయిలో ఉన్నవాళ్లతో మాట్లాడేందుకు వచ్చేవాళ్లతో అక్కడ పొద్దంతా సందడి. బూత్ వెనక గదిలోనే ఒంటరిగా ఉంటూ, లేపడానికి, స్నానానికి పక్కింటి షంషున్నీసాను జీతానికి పెట్టుకుంది. తల్లిని ఒక్కమాట అడగలేదు.

"ముందు ఏ కాలు దించాలె బేటీ?" మంచం పక్కన నిలబడి షంషున్నీసా అడుగుతోంది.

"ఎడమది. ఇంకొంచెం కిందికి... ఇగ లేపు షంషక్కా."

దేవవ్వకు ఒళ్లు మండింది. "గింత దానికీ అడుగుడేందమ్మా? పని రాకుంటే రాదని చెప్పు."

"బేటీనే అడిగి చెయ్యమన్నదమ్మా," షంషున్నీసా నవ్వేసింది.

షంషున్నీసా వేసిన జడను దేవవ్వ, కూతుర్ని కూచోబెట్టి విప్పి, మళ్లీ బిగించి వేసింది. గంగామణి అద్దంలో చూస్తూ కూచుంది. కూతురు బూత్‌లోకి వెళ్లగానే దేవవ్వ షంషున్నీసాతో, "రేపటి సంది రాకు. నేనున్న గదా," అంది. షంషున్నీసా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గంగామణి చక్రాల కుర్చీలో వచ్చి మంచినీళ్లు అడిగింది. సగం తాగిందో లేదో, దేవవ్వ చెయ్యి అలవాటుగా గిలాసను లాక్కుంది.

"చాలు బిడ్డా, మళ్ల ఒంటికి లేవాల్సొస్తది."

"గిలాస ఇటియ్యవ్వా. షంషక్క ఏది?"

"రావద్దన్న."

గంగామణి ముఖం మాడిపోయింది. "ఆమెను పెట్టుకున్నది నేను. వద్దనాల్నన్నా నేనే అనాలె."

"పాతికేండ్లు సంకల మోసిన నేను పరాయిదాన్నయిన! నిన్నగాక మొన్నొచ్చిన ఆమె సొంతమైంది నీకు!"

"నీ నడుము నొస్తదని ఎండకాలంల గూడ సగం గిలాసనే తాగినవ్వా. దూపయితున్నదని ఒక్కనాడు అనలే. ఈడికొచ్చినంకనే కడుపునిండ తాగుతున్న. ఆమెనైతే ఎన్నిమార్లన్నా పిలుస్త. జీతమిస్తున్న, మొహమాటం లేదు."

'నా బిడ్డ బంగారం, నీళ్లు గూడ అడగది' అని వాడకట్టంతా గొప్పలు చెప్పుకున్న రోజులు దేవవ్వకు గుర్తొచ్చాయి. గిలాస నిండా పోసి కూతురికి అందించింది. గంగామణి గటగటా తాగుతుంటే దేవవ్వకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడువకవ్వా. పోయి, నేను రమ్మన్ననని షంషక్కకు చెప్పు."

పక్కింట్లో షంషున్నీసా బియ్యం చెరుగుతోంది. దేవవ్వ గడప బయటే నిలబడింది. తన మనసులోని మంట ఇంకా పూర్తిగా ఆరలేదు.

"గంగామణి రమ్మంటున్నది."

"మీరున్నరు గదమ్మా?"

దేవవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను తల్లినమ్మా. నన్ను పిలువాల్నంటే దానికి మొహమాటం."